నేల ఇచ్చే సాక్ష్యం: పాతబస్తీ నుంచి కాలనిర్ణయ పాఠాలు

(స్మారకోపన్యాసం)



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు ఈ పాతబస్తీ పిల్లలకు చరిత్ర చెప్పారు. తేదీ ఒప్పజెప్పిన ప్రతి పిల్లవాణ్ణీ "ఎలా తెలుసు?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకు సమాధానమే ఈ ఉపన్యాసం. నేను చెప్పదలచిన సంగతి ముందే చెబుతాను. పాత వస్తువు వయసు దాన్ని ఒంటరిగా చూస్తే తేలదు. అది ఏ పొరలో, దేని పైన, దేని పక్కన ఉందో చూస్తేనే తేలుతుంది. ఆ చోటు చెదిరితే వయసు కూడా పోతుంది.

చార్మినార్‌తోనే మొదలుపెడదాం. అదీ, దానితోపాటు ఈ నగరమూ పుట్టిన సంవత్సరాన్ని "యా హాఫిజ్" అన్న పిలుపులో దాచారు. అబ్జద్ లెక్కలో ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె. "యా"కు 10, 1. "హాఫిజ్"కు 8, 1, 80, 900. మొత్తం 1000. అంటే హిజ్రీ 1000వ సంవత్సరం. మన లెక్కలో 1591 అక్టోబరు నుంచి 1592 అక్టోబరు దాకా. కాలాన్ని ఇంత దగ్గరగా పట్టిచ్చే సాక్ష్యం పురావస్తు శాస్త్రవేత్తలకు అరుదుగా దొరుకుతుంది.

అయితే ఆ తేదీ చార్మినార్‌లో ప్రతి అంగుళానికీ వర్తించదు. నైరుతి మినార్ పిడుగుపాటుకు కూలితే మొగలాయీల ఏలుబడిలో మళ్లీ కట్టారు. 1824లో లక్ష రూపాయల ఖర్చుతో గచ్చు పూత వేశారు. 1889లో గడియారాలు పెట్టారు. గోడ మీది పూతలో చిన్న ముక్క తీసి ఎంత శ్రద్ధగా పరీక్షించినా, తెలిసేది పూత కాలమే. పునాది కాలం తెలియదు. పక్కనే ఉన్న మక్కా మసీదును సుల్తాన్ మహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టిస్తే, ఔరంగజేబు హయాంలో 1694లో పూర్తయింది. అందుకే "ఈ కట్టడం ఎప్పటిది?" అని అడిగేవారు, అందులో ఏ భాగం గురించి అడుగుతున్నారో ముందు తేల్చుకోవాలి.

తేదీ రాయని శాసనాల సంగతేమిటి? మూసీ ఒడ్డున చైతన్యపురిలో, కోసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గర బండ మీద ఒక ప్రాకృత శాసనం ఉంది. అందులో గోవిందరాజ విహారం ప్రస్తావన ఉంది. అక్షరాల వంపులను, తలకట్లను కాలం తెలిసిన ఇతర శాసనాలతో పోల్చి, అది విష్ణుకుండినుల నాటిదని, సుమారు 5వ శతాబ్దానిదని పండితులు నిర్ణయించారు. లిపి ఏడాదిని చెప్పలేదు, తరాలను చెబుతుంది. ఆ మేరకైనా మనకు తెలిసింది చాలా పెద్ద సంగతి: చార్మినార్‌కు వెయ్యేళ్లు ముందే ఈ ఏటి ఒడ్డున బౌద్ధ భిక్షువులు ఉన్నారు.

రాత అసలే లేనిచోట నేలను చదవాలి. కింది పొర పాతది, పై పొర కొత్తది. మధ్యలో ఎవరైనా గొయ్యి తవ్వి పూడ్చి ఉంటే దాన్ని వేరుగా గుర్తించాలి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద ఈ నగరాన్ని ముంచెత్తింది. అది మిగిల్చిన ఒండ్రు ఎక్కడైనా చెదరకుండా దొరికితే, దాని కింద ఉన్నదంతా ఆ వరదకు ముందుది. నాణెం కూడా ఇలాంటి హద్దే. 1940లలో గులాం యజ్దానీ నేతృత్వంలోని నిజాం పురావస్తు శాఖ మెదక్ ప్రాంతపు కొండాపూర్‌లో తవ్వితే శాతవాహన నాణేలు బయటపడ్డాయి. నాణెం ఉన్న పొర ఆ నాణెం ముద్రించిన కాలానికన్నా ముందుది కాజాలదు. ఎంత తర్వాతిదో మాత్రం పక్కనున్న కుండపెంకులు చెప్పాలి.

మూసీ వరదలాంటి గుర్తే, ఊహకందనంత పాతది, ఉమ్మడి కర్నూలు జిల్లా జ్వాలాపురంలో ఉంది. ఇండోనేషియాలో తోబా అగ్నిపర్వతం పేలినప్పటి బూడిద జుర్రేరు లోయలో మందంగా పేరుకుంది. మట్టిలోని రేణువులకు చివరిసారి ఎండ తగిలి ఎంతకాలమైందో ఓఎస్ఎల్ పరీక్ష కొలుస్తుంది. బూడిద కింది మట్టికి సుమారు 77,000 ఏళ్లు, పైదానికి సుమారు 74,000 ఏళ్లు అని తేలింది. రాతి పనిముట్లు బూడిద కిందా దొరికాయి, పైనా దొరికాయి. ఆ విపత్తు తర్వాత కూడా ఇక్కడ మనుషులు బతికారని మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం 2007లో వాదించగలిగింది ఈ పొరల క్రమం వల్లే. పనిముట్లను ఏరి సంచిలో వేసుకుని ఉంటే ఆ వాదనకు ఆధారమే లేదు.

ఇక బొగ్గుతో కాలం కొలిచే పద్ధతి. చెట్టూ పశువూ బతికున్నంతకాలం గాలి నుంచి, మేత నుంచి వాటిలోకి కార్బన్-14 చేరుతూనే ఉంటుంది. చనిపోయాక చేరడం ఆగి, ఉన్నది తరుగుతుంది. 5,730 ఏళ్లకు సగమవుతుంది. విల్లర్డ్ లిబ్బీ 1949లో చూపిన ఈ పద్ధతికి 1960లో నోబెల్ బహుమతి వచ్చింది. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వాడు. పశువుల దొడ్లలో పేడ పోగుపడి, మళ్లీ మళ్లీ కాలిందని పొరలు చూపాయి. గిట్టల అచ్చులు కూడా కనబడ్డాయి. బొగ్గు పరీక్ష ఆ దొడ్లను క్రీస్తుపూర్వం మూడో సహస్రాబ్దికి చేర్చింది. తెలంగాణ పశుపోషణకు నాలుగు వేల ఏళ్లకు పైబడిన ఆధారం అలా దొరికింది.

ఇంత గొప్ప పద్ధతీ పాతబస్తీలో తడబడుతుంది. గాలిలో కార్బన్-14 అన్ని కాలాల్లోనూ ఒకేలా లేదు కాబట్టి ఫలితాన్ని చెట్ల వలయాలతో సరిచూడాలి. గత మూడు, మూడున్నర శతాబ్దాల్లో ఆ హెచ్చుతగ్గుల వల్ల ఒకే ఫలితం రెండు మూడు వేర్వేరు కాలాలకు సరిపోతుంది. పైగా పాత దూలాన్ని కొత్త ఇంటికి వాడటం ఇక్కడ మామూలే. కాబట్టి నాలుగు వందల ఏళ్ల ఈ నగరానికి ప్రయోగశాల కన్నా పొర, శాసనం, దస్తావేజు ఎక్కువ అక్కరకొస్తాయి.

ఆ పొరలే ఇప్పుడు పోతున్నాయి. దేవిడీలు కూల్చి కాంప్లెక్సులు లేపుతున్నారు. డ్రైనేజీకి, రోడ్డు విస్తరణకు, రాబోయే మెట్రోకు నేల తవ్వుతున్నారు. వీటిని ఆపమని నేను అనను. ఇక్కడి జనానికి నీళ్లు, దారి, ఇల్లు కావాలి. కోరేది ఒక్కటే: తవ్విన గుంత గోడను పూడ్చేముందు చూడండి. ఫోటో తీయండి, కొలబద్ద పెట్టి తీయండి. దొరికిన పెంకు ఎంత లోతులో, ఏ రంగు మట్టిలో దొరికిందో రాయండి. పురావస్తు శాఖకు కబురు చేయండి. శాఖ వారు కూడా కబురు అందిన రోజే మనిషిని పంపాలి, ఆ నమోదులను అందరూ చూసేలా ఉంచాలి. మన కళాశాలల చరిత్ర విద్యార్థులకు ఇంతకన్నా మంచి తరగతి గది లేదు. వారికి ఈ పని నేర్పే బాధ్యత ఈ సభలోని అధ్యాపకులు తీసుకోవాలని అడుగుతున్నాను.

తవ్వకం ఒకే పొరను రెండుసార్లు చూపదు. చూసినప్పుడే రాసుకోవాలి. రేపు ఒక పిల్లవాడు "ఎలా తెలుసు?" అని అడిగితే చూపించడానికి మన దగ్గర కాగితం ఉండాలి.