ఉపవాసము - సమీపవాసము
(సంఘము వారపు సమావేశమున చేసిన ఉపన్యాసము)



భస్మ బుధవారము మొదలు ఈస్టరు ముందటి శనివారము వరకు లెక్కించినచో 46 దినములగును. అందు 6 ఆదివారములను తీసివేయగా మిగిలిన 40 దినములే లెంటు కాలము. కతోలికులు తపస్సు కాలమనియు, తక్కిన సంఘములవారు శ్రమల కాలమనియు చెప్పుకొందురు. పేరేదైనను, ప్రభువు అరణ్యమున గడపిన 40 దినములే దీనికి ఆధారము.

ఉపవాసమను మాట మన తెలుగిండ్లలో మతభేదము లేక వినబడునదే. 'ఉప' యనగా దగ్గర, 'వాసము' అనగా ఉండుట. అన్నము మానుట యను అర్థము ఆ మాటలో ఎచ్చటను లేదు. మనము మాంసము మానితిమి, కొందరము కాఫీ కూడ మానితిమి. కాని ఎవరి దగ్గర ఉండుటకై మానితిమో ఆయన దగ్గర ఎంతసేపు కూర్చుంటిమి? ఇది ఇతరులను అడుగుటకు ముందు మమ్మును మేము అడుగుకొనవలసిన ప్రశ్న.

మనసు నిలువకుండుట నేటి రోగము కాదు. 1626లో లండనులో జాన్ డన్ అను ప్రసిద్ధ ప్రసంగికుడు, తాను దేవుని ప్రార్థింప కూర్చుండియు ఈగ రొదకును, బండి చప్పుడునకును, తలుపు కిర్రుమనుటకును ఆయనను మరచుచుంటినని సభలో ఒప్పుకొనెను. ఆయన మన బళ్ళారిలో నున్నచో ఏమనియుండునో! వీధి వీధిని జీన్సు కుట్టు మిషన్లు, ఎండ, పిల్లల పరీక్షలు, ఉగాది వ్యాపారము - ఇవన్నియు లెంటు దినములలోనే వచ్చును. 2011లో సుప్రీంకోర్టు ఆజ్ఞచే గనుల త్రవ్వకము ఆగినపుడు ఖనిజపు లారీల రొద తగ్గినది. మన ప్రార్థన పెరిగినట్లు మాత్రము మేమెరుగము. కనుక నేరమంతయు చప్పుడు మీద మోపరాదు.

మా ఇంటి సంగతి చెప్పుదుము. మా తల్లిగారికి చదువు రాదు. తెలుగు తప్ప వేరొక భాషలో వాక్యము విన్నచో ఆమె మనసునకు పట్టదు. పిల్లలు కన్నడ బడిలో చదివినవారు. తెలుగు మాటలాడుదురే గాని అక్షరములు ఎరుగరు. కాబట్టి చదివి వినిపింపవలసినవారము మేమొక్కరమే. నిరుడు లెంటు మొదలైన వారమున అంగడి కట్టి వచ్చుసరికి రాత్రి తొమ్మిదిన్నర. వచ్చిన పిమ్మట లెక్కలు, ఆ పిమ్మట ఫోను. "నాయనా, ఈ పొద్దన్నా తీరికయ్యెనా?" అని ఆమె అడుగును. "రేపు చదువుదమమ్మా" అని మేమందుము. ఐదవ రాత్రి ఆమె అడుగలేదు. గ్రంథమును ఒడిలో పెట్టుకొని, కూర్చున్న చోటనే నిద్రపోయియుండెను. ఎనుబది దాటిన మనిషికి ఎన్ని లెంట్లు మిగిలియుండును?

మరునాడు ఫోనును బీరువాలో పెట్టి తాళము వేసి, మార్కు సువార్త మొదలుపెట్టితిమి. ఆ సువార్తకు 16 అధ్యాయములే. మొదటి అధ్యాయములోనే మాకు తగిన మాట తగిలినది. పట్టణమంతయు వాకిట గుమిగూడిన రాత్రి గడచినంతనే ప్రభువు తెల్లవారకముందే లేచి, ఏకాంత స్థలమునకు పోయి ప్రార్థించెను. ఆయనను వెదకుచు వచ్చినవారు మంచి పని మీదనే వచ్చిరి. మన అంగడి అంతకంటె గొప్పదా?

ఈ ఊరికి రెండు భాషల ప్రార్థన పాతదే. లండను మిషనువారైన జాన్ హ్యాండ్స్ 1810లో బళ్ళారికి వచ్చి ఏండ్ల తరబడి కన్నడ బైబిలుకై శ్రమించెను. ఆ మిషనువారే అంతకు ముందు, 1805లో, విశాఖపట్టణము చేరి తెలుగు అనువాదము మొదలిడిరి. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరిన పిమ్మట మన పిల్లలకు కన్నడము అబ్బుట సహజము, మేలును. దానివలన అవ్వకు చదివి వినిపించువారు లేకపోవుట మాత్రము మన అశ్రద్ధ.

మూడవ వారమున మా చిన్నవాడు తానుగా వచ్చి కూర్చుండెను. రెండు లిపులకు పోలిక యుండుటచే, కన్నడ అక్షరముల ప్రక్క తెలుగు అక్షరములు వ్రాసి యిచ్చితిమి. మట్టలాదివారము నాటికి కూడబలుకుకొని చదువసాగెను. ఒక్కొక్క మాటకు ఆగును. తప్పు చదివినచో, అక్షరమెరుగని అవ్వయే దిద్దును. వాడు తరువాతి మాట పలుకువరకు మేమును ఊపిరి బిగబట్టి వేచియుందుము. ఆ వేచియుండుటలో మా మనసు అంగడికి పోవుట మరచెను.