బొమ్మలగుట్ట మీది మూడు కందాలు

మహావీర జయంతి సభలో జైన సిద్ధాంతాలు, శాఖల గురించి మాట్లాడమన్నారు. మీ ఇళ్ళలో పసిపిల్లలకు సైతం తెలిసిన సంగతులు గనుక క్లుప్తంగా మనవి చేస్తాను.

లోకాన్ని సృష్టించినవాడంటూ ఒకడు లేడంటుంది జైనం. జీవుడికి కర్మ ధూళిలా అంటుకుంటుంది. కొత్తది అంటకుండా చూసుకోవాలి, పాతది రాల్చుకోవాలి. అందుకు సమ్యక్ దర్శన జ్ఞాన చారిత్రాలనే రత్నత్రయం, అయిదు వ్రతాలు. వాటిలో మొదటిది అహింస. ఇందాక ఆ మూల ఒక అమ్మ బిందె మూతికి తెల్లగుడ్డ కట్టి నీళ్ళు వడగట్టడం చూశాను. తర్వాత ఆ గుడ్డను దులపలేదు, పిండలేదు. వడగట్టిన నీళ్ళతోనే మెల్లగా జాడించి, ఆ నీళ్ళు విడిగా చెంబులో పట్టింది. ఎందుకమ్మా అంటే, తోడిన చోటే పోయడానికి అంది. గుడ్డలో చిక్కిన సూక్ష్మప్రాణులు మళ్ళీ తమ నీళ్ళలోకి చేరాలి గదా! పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా అహింస నాకింత దగ్గరగా కనబడలేదు.

ఇక శాఖలు. దిగంబరులు, శ్వేతాంబరులు అందరికీ తెలుసు. స్త్రీకి ఆ జన్మలోనే మోక్షం ఉందా లేదా అన్నది వారి మధ్య పెద్ద వాదం. ఈ రెంటి నడుమ యాపనీయులని ఒక శాఖ ఉండేది. వారి మునులు దిగంబరుల్లాగే నగ్నంగా ఉండేవారు, కాని స్త్రీకి మోక్షం ఉందనేవారు. మన తూర్పు చాళుక్యుల్లో రెండవ అమ్మరాజు మలియపూండి గ్రామాన్ని దానమిచ్చింది యాపనీయుల జినాలయానికే. ఆ శాఖ ఇవాళ ఎక్కడా లేదు. శాసనాల్లో మిగిలింది.

శాసనం అన్నాను గనుక, కరీంనగర్ జిల్లా గంగాధర దగ్గర కురిక్యాల బొమ్మలగుట్ట మాట చెప్పకుండా ఉండలేను. బండ మీద చక్రేశ్వరీదేవి, తీర్థంకరుల బొమ్మలు. కింద శాసనం. సుమారు క్రీ.శ. 945 నాటిది. చెక్కించినవాడు జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. వేంగినాటి వంగిపర్రు నుంచి వచ్చిన కుటుంబం. అన్న వేములవాడ చాళుక్య రాజు రెండవ అరికేసరి ఆస్థానంలో కన్నడ కావ్యాలు రాస్తే, తమ్ముడు ఈ బండ మీద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ పక్కపక్కన చెక్కించాడు. తెలుగులో మూడు కందపద్యాలు. నన్నయకు నూరేళ్ళ ముందు!

ఆరో గణం నలమో జగణమో కావాలని, బేసి గణం జగణం కారాదని మనం బడిలో వల్లెవేసిన కందం అప్పటికే అంత బిగువుగా ఉందంటే, ఎన్నాళ్ళుగా జనం నోళ్ళలో నలిగి ఉండాలి? మహావీరుడు బోధించింది కూడా జనం మాట్లాడే ప్రాకృతంలోనే. ఎక్కడి జనానికి అక్కడి భాషలో చెప్పడం జైనుల పద్ధతి. ఒకే వస్తువును పలు వైపులనుంచి చూడమన్న అనేకాంతవాదం ఆ మూడు భాషల బండ మీద నాకు కళ్ళకు కట్టినట్టుంటుంది.

అలాంటి చోట, పోయినసారి వెళ్ళినప్పుడు, ఎవరో రంగు డబ్బా పట్టుకుని తమ పేర్లు రాసి పోయారు. తెలుగు ఎం.ఏ. చదివిన ఒక అబ్బాయిని జినవల్లభుడెవరని అడిగితే తలదించుకున్నాడు. తప్పు వాడిది కాదు, చెప్పని మాది. ఒకప్పుడు మా ఊళ్ళలో చేల గట్ల మీద దొరికిన జినబింబాలను సన్యాసి దేవుడని పిలిచి, వాన కోసం బిందెలతో నీళ్ళు పోసేవారు. పేరు తెలియకపోయినా ఆ దేవుడికి ఏడాదికోసారి స్నానం ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

స్థానకవాసులు, తేరాపంథీలు అనే శాఖల గురించి కూడా చెప్పవలసి ఉంది. కాని పొద్దు వాలుతోంది, చీకటి పడకముందే మీ భోజనాలు కావాలి. కురిక్యాలకు వెళ్ళదలచినవారు పొద్దున్నే బయలుదేరండి. ఏటవాలు ఎండలో అక్షరాల గాడి నీడ పట్టి స్పష్టంగా కనబడుతుంది. చేత్తో తడమకండి. నేను వెంట వస్తాను.