మా అటక మీది పేపర్లు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పది రోజుల కింద కార్యదర్శి గారు బడికొచ్చి, "మాస్టర్ సాబ్, యీసారి మన వూరి పాత ముచ్చట్లు చెప్పండి, పది నిమిషాలు మించొద్దు" అన్నారు. పాత ముచ్చట్లు పది నిమిషాల్లో ముగించడం మన కర్నూలులో ఎవరికీ చేతనయ్యే పని కాదు. పైగా నేను వుర్దూ మీడియం పంతుల్ని. నా తెలుగు సగం వీధిలో నేర్చుకున్నది, సగం పాత పేపర్లు చదివి నేర్చుకున్నది. తప్పులుంటే తెలుగు పండితులు మన్నించాలి. ఆ పాత పేపర్ల సంగతే యివాళ నేను చెప్పబోయేది.

మన పెద్దలు "డేరాల కాలం" అంటారే, అక్కడ మొదలుపెడతాను. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మన వూరు రాజధాని అయింది. ప్రధాని నెహ్రూ గారు వచ్చి ప్రారంభించారు. టంగుటూరి ప్రకాశం గారు ముఖ్యమంత్రి, త్రివేది గారు గవర్నరు. ఇంత పెద్ద సర్కారును పెట్టుకోవడానికి వూళ్ళో కట్టడాలు ఎక్కడివి? ఆఫీసులు చాలామటుకు గుడారాల్లో నడిచాయి. రాయలసీమకు రాజధాని ఎందుకొచ్చిందని పిల్లలు అడుగుతుంటారు. 1937 నవంబరు 16న మద్రాసులో కోస్తా నాయకులు, సీమ నాయకులు కూచొని చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడికలో దాని మూలం వుంది. రాజధాని, హైకోర్టు, యీ రెంటిలో ఒకటి సీమ కోరుకోవచ్చన్నారు. సీమవాళ్ళు రాజధాని కోరుకున్నారు. హైకోర్టు గుంటూరుకు పోయింది. శ్రీబాగ్ అన్నది ఒక బంగళా పేరు. అది కాశీనాథుని నాగేశ్వరరావు గారి యిల్లు. ఆయనే అమృతాంజనం తయారు చేసినాయన, ఆంధ్రపత్రిక పెట్టినాయన. ఆ పత్రికే తర్వాత మా యింటికొచ్చింది. వచ్చిన తీరు వేరే కథ.

రాజధానితో పాటు వందలమంది గుమాస్తాలు వచ్చారు. మా పాతబస్తీ యింట్లో ముందు గది, వంటకు ఒక వసారా మా దాదా ఒక గుమాస్తా గారికి యిచ్చారు. గుంటూరు వైపు మనిషి. భార్య, ఒక చంటిబిడ్డ. ఆయన "ఎక్కడికండీ సాయిబు గారూ" అంటే, మా దాదా "యాడికి లేదప్పా పంతులూ" అనేవారట. ఆయన "అద్దె" అనేవాడు, వీధివాళ్ళు "బాడుగ" అనేవారు, మా దాదా "కిరాయా" అనేవారు. డబ్బు మాత్రం ఒకటే. ఆ అమ్మ మా దాదీ దగ్గర జొన్నరొట్టె తట్టడం నేర్చుకుంది. మా దాదీ ఆమె దగ్గర గోంగూర పచ్చడి నూరడం నేర్చుకుంది. మా యింట్లో ఆ పచ్చడికి యిప్పటికీ "పంతులమ్మ చట్నీ" అనే పేరు.

ఆ గుమాస్తా గారు ఆంధ్రపత్రిక తెప్పించేవారు. మద్రాసులో అచ్చయి రైల్లో వచ్చేది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి అరుగు మీద కూచొని పైకి చదివేవారు. మా దాదాకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. కూచొని వినేవారు. ఆయనకు వేరే పేపరుండేది: 'ముసల్మాన్'. 1927లో మద్రాసు తిరువల్లిక్కేణిలో మొదలైన వుర్దూ దినపత్రిక. నాలుగు పేజీలు. వార్తలన్నీ కాతిబులు కలంతో రాసేవారు, ఆ రాతనే అచ్చు వేసేవారు. ఆఖరి నిమిషంలో పెద్ద వార్త వస్తుందేమోనని మొదటి పేజీలో ఒక మూల ఖాళీగా వుంచేవారట. వుర్దూకు కంప్యూటరు రాత 1980ల్లో వచ్చినా, ఆ పత్రిక 2000 దాటాక కూడా చేతిరాత వదల్లేదు. నా దస్తూరీ బాగుంటుందని ఎవరైనా మెచ్చుకుంటే ఆ కాతిబుల పుణ్యమే.

1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదు పోయింది. గుమాస్తా గారు సామాను లారీకెక్కించి, పట్టక మిగిలిన మూడేళ్ళ పేపర్ల కట్టలు మా దాదాకు అప్పగించి పోయారు. దాదా వాటిని తన వుర్దూ పేపర్లతో కలిపి ఒక పెద్ద రేకుపెట్టెలో వేసి అటక ఎక్కించారు. మళ్ళీ రాలేదు ఆ గుమాస్తా గారు. ఉత్తరాలు కొన్నాళ్ళు వచ్చాయని మా అబ్బాజాన్ చెప్పేవారు.

ఆ పెట్టె యాభై మూడేళ్ళు అటక మీదే వుంది. నేను వేసవి సెలవుల్లో ఎక్కి తెలుగు చదువుకున్నది అందులోనే. అమృతాంజనం ప్రకటనలు, సినిమా బొమ్మలు, 1954 నవంబరులో మద్యనిషేధం గొడవ మీద ఒక్క ఓటు తేడాతో ప్రకాశం గారి మంత్రివర్గం పడిపోయిన వార్త, అన్నీ నాకు అక్కడే తెలిశాయి. ఆ ఓటింగు జరిగింది మన వూళ్ళోనే! మా వీధి పేరు మాత్రం ఎంత వెదికినా కనబడలేదు. 'కర్నూలు' అని పైన వేసి కింద మంత్రుల మాటలే. నీళ్ళు మోసినవాళ్ళు, జట్కా తోలినవాళ్ళు, గుడారాలకు మేకులు కొట్టినవాళ్ళు ఏ పేజీలోనూ లేరు.

ఇక 2009 అక్టోబరు 2. ఆ తేదీ చెప్తే చాలు, యీ హాల్లో సగం మందికి గొంతు పట్టుకుంటుంది. మా యిల్లు హంద్రీకి కూతవేటు దూరం. తుంగభద్ర పొంగి హంద్రీ నీళ్ళను వెనక్కి నెట్టింది. నీళ్ళు గడప దాటిన తర్వాత మనిషి బుద్ధి ఎట్లా పనిచేస్తుందో చెప్పలేం. నేను అమ్మీ మందులు, నా సర్టిఫికెట్లు, ఒక ప్రెషర్ కుక్కరు పట్టుకున్నాను. కుక్కరు ఎందుకో యిప్పటికీ తెలీదు. అబ్బాజాన్ "అటక మీద పెట్టె" అన్నారు. "అంత ఎత్తుకు నీళ్ళు రావు, పదండి" అన్నాను. పక్కింటి పై మిద్దె మీదికి పోయాం. అక్కణ్ణించి చూస్తుండగానే మా కిటికీలు మునిగాయి. అబ్బాజాన్ ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

నీళ్ళు దిగాక చూస్తే పెట్టె అటక మీదే వుంది గానీ సగం దాకా తడిసింది. అడుగున వున్న వుర్దూ పేపర్లన్నీ ముద్ద. కాతిబుల రాత అంతా బురదలో కలిసింది. పైన వున్న తెలుగు కట్టల్లో కొన్ని చెమ్మగిల్లి మిగిలాయి. మిద్దె మీద ఒక్కొక్కటే ఆరబెట్టాం, గాలికి పోకుండా గులకరాళ్ళు పెట్టి. లెక్కపెడితే నూట పన్నెండు కాగితాలు.

అప్పుడొక వింత చూశాం. పేపరు అంచుల మీద వూదారంగు రాత! అంతకు ముందు అక్కడేమీ వున్నట్టు మాకు తెలీదు. తర్వాత అర్థమైంది: అది యింకు పెన్సిలు రాత. పొడిగా వుంటే బూడిదరంగులో కనబడీ కనబడనట్టుంటుంది, తడి తగిలితే వూదాగా విచ్చుకుంటుంది. పోస్టాఫీసుల్లో వెనుకటికి వాడేవారు, పెద్దలకు గుర్తుండే వుంటుంది. మా దాదా రాత. అక్కడక్కడ వుర్దూ మాటలు, వాటి పక్కన నాకు తెలియని గీతలు. అవి రఖమ్ లెక్కలు. అంకెలు వేయకుండా, అరబ్బీ లెక్కమాటలను కుదించి గొలుసుకట్టుగా రాసే పాత పద్ధతి. నేను వుర్దూ పంతుల్నయినా రఖమ్ చదవలేను. మాకు ఎవరూ నేర్పలేదు.

2016లో ఒక ముసలి దస్తావేజు లేఖరి గారు చదివి పెట్టారు. ఆయనా యిప్పుడు లేరు. భూతద్దం పెట్టుకొని చదివి, నవ్వి, "మీ తాత గట్టివాడు" అన్నారు.

మా యింట్లో ఒక కథ వుంది. డేరాల కాలంలో వూరంతా బాడుగలు పెంచేసిందని, పశువుల కొట్టాలకు కూడా బాడుగ వసూలు చేశారని, మా దాదా మాత్రం పైసా పెంచలేదని. ఈ కథ నేను ఎన్నో ఏళ్ళు తరగతిలో పిల్లలకు చెప్పాను. నిరుడో ముందటేడో యీ వేదిక మీద కూడా చెప్పాననుకుంటా. ఆ కాగితాల ప్రకారం 1953 అక్టోబరులో పదిహేను రూపాయలు. 1954 జనవరిలో యిరవై. జూన్‌లో యిరవై ఎనిమిది. ఎనిమిది నెలల్లో దాదాపు రెట్టింపు! తేదీ మీద అనుమానం లేదు, ఎందుకంటే ఏ నెల లెక్క ఆ నెల పేపరు మీదే వుంది. పైన మంత్రిగారి ప్రసంగం, పక్కన మా దాదా బాడుగ.

1955లో రెండు నెలలు మాత్రం రూపాయల చోట 'మాఫ్' అని, పక్కన 'జచ్చగీ' అని వుంది. పంతులమ్మకు రెండో కాన్పు అన్నమాట. మా యింటి కథకు మూలం ఆ రెండు నెలలే. మిగతా ముప్పయ్యి చిల్లర నెలలు కథలోంచి జారిపోయాయి.

ఈ సంగతి చెబితే మా చాచా నా మీద కోప్పడ్డారు. "పోయినవాళ్ళ లెక్కలు ఎందుకు తవ్వుతావు?" అన్నారు. అబ్బాజాన్ 2013లోనే పోయారు. ఆయనకు యిది తెలియకపోవడమే నయమని మొదట అనుకున్నాను. ఇప్పుడు అట్లా అనుకోవడం లేదు. ఆయన వుంటే ఆ జచ్చగీ నాటి ముచ్చట యింకా ఏదో చెప్పి వుండేవారు. అడగడానికి మనిషి లేడు.

తరగతిలో నా పాత మాట దిద్దుకున్నాను. ఏడో తరగతి అమ్మాయి లేచి, "సర్, మరి మీ దాదా మంచోడా కాదా?" అంది. "ఆయనకు ఐదుగురు పిల్లలమ్మా" అన్నాను. ఆ పిల్ల తృప్తిపడలేదు. పడకపోవడమే న్యాయం.

మన జ్ఞాపకాలు యిట్లాగే వుంటాయి. ఉస్మానియా కాలేజీ రాజధాని వచ్చాక వచ్చిందని మొన్న ఒక పెద్దాయన నాతో పందెం కాశారు. డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు దాన్ని స్థాపించింది 1947లో. అంటే రాజధానికి ఆరేళ్ళ ముందే. పందెం డబ్బు యింకా రాలేదు, వారు యీ సభలోనే వున్నారు. ఇంకొకరు, మన వూరివాళ్ళు అలంపూరుకు ఎప్పుడూ ఎద్దులబండి కట్టుకొని పక్కూరికి పోయినట్టు పోయేవాళ్ళని చెప్తారు. బండ్లు పోయిన మాట నిజం. కానీ ఆ కాలంలో తుంగభద్ర దాటితే నిజాం రాజ్యం, అక్కడ రూపాయి కూడా వేరే, హాలీ సిక్కా. ఆ సరిహద్దు 1956లో పోయింది, 2014 జూన్ 2న తెలంగాణతో మళ్ళీ వచ్చింది. రూపాయి మాత్రం మారలేదు!

కాబట్టి నా మనవి ఒక్కటే. మన సొసైటీ ఆఫీసులో మెట్ల కింద గది ఖాళీగా వుంది. నా నూట పన్నెండు కాగితాలు అక్కడ పెడతాను, బాడుగ లెక్కతో సహా, చాచా వారి అనుమతి తీసుకునే. మీ యిళ్ళలో పాత పేపర్లు, పెండ్లి పత్రికలు, కిరాణా చిట్టాలు, రఖమ్ లెక్కల పుస్తకాలు ఏవి వున్నా తెండి. నేల మీద వద్దు, ఎత్తున అలమార్లు కట్టించమని కార్యదర్శి గారిని యిప్పుడే అడుగుతున్నాను. ఎంత ఎత్తున అనేది మనకు తెలుసు, గోడ మీద నీటి గుర్తు వుంది. రఖమ్ చదవగలిగినవాళ్ళు ఎవరైనా మిగిలివుంటే దయచేసి నాకు కబురు పెట్టండి. వారానికి ఒక గంట చాలు, నేనూ నలుగురు పిల్లలూ వచ్చి మీ దగ్గర కూచుంటాం.

ఇందాక టీ దగ్గర ఒక పెద్దమనిషి, తమ యింట్లో రెండు గోనెసంచుల పాత పేపర్లు వున్నాయని, పాత సామాన్లవాడు ఆదివారం పది గంటలకు వస్తానన్నాడని చెప్పారు. నేను తొమ్మిదికే వస్తానని మాటిచ్చాను. ఆటో తెచ్చుకుంటాను. అంతవరకూ తక్కెడ ఎత్తనీయకండి.

సెలవు.