తాడు ఎవరికి దిగుతుంది?

పిల్లలారా! మీరు అమ్మతోనో నాయనతోనో యాంగోన్‌లోని బొజో మార్కెట్టుకు వెళ్ళే ఉంటారు. 1926లో కట్టినప్పుడు దాని పేరు స్కాట్ మార్కెట్టు. అక్కడ లుంగీల కొట్లు ఒకదాని పక్కన ఒకటి వరుసగా ఉంటాయి. పొద్దున్నే వెళితే ఏ కొట్టులో చూచినా ఒకటే మాట: "జే ఊ పౌ! మీకు తగ్గించి ఇస్తాం." మన పెద్దలు బోణీ అంటారే, అదే ఇది. బోణీ డబ్బు చేతిలో పడగానే ఆ నోట్లతో సరుకును తట్టడం కూడా మీరు చూచే ఉంటారు. మాట మంచిదే. కాని అందరూ అదే అంటుంటే మనం ఎవరి కొట్టు ఎక్కాలి?

ఈ ప్రశ్నకు జవాబు మన వీధుల్లోనే వినిపిస్తుంది. ఊరి నడిబొడ్డున ఐదారంతస్తుల పాత మేడలు ఎన్నో ఉన్నాయి. చాలావాటికి లిఫ్టు లేదు. అందుకని పైవాళ్ళు వీధిలోకి తాడు వేలాడదీస్తారు. దాని చివర ఒక క్లిప్పో, సంచో ఉంటుంది. కొందరు పైన గంట కూడా కడతారు.

తెల్లవారేసరికి కింద "పెబ్యో!" అని కేక. అంటే మొలకెత్తించి ఉడికించిన బఠాణీలు. నాన్‌రొట్టెతో తింటారు, వేడన్నంలో నూనె వేసి కలుపుకొనీ తింటారు. (నా ఓటు అన్నానికే!) కాసేపటికి ఇంకొకామె వస్తుంది. అవే బఠాణీలు, ఇంచుమించు అదే ధర. ఐదో అంతస్తులో ఉన్నవాళ్ళకు తట్టలోని సరుకు సరిగా కనబడదు. తెలిసేది గొంతు ఒక్కటే. అందుకే ఒకామె చివరి అక్షరాన్ని సాగదీస్తే, ఇంకొకామె టక్కున తుంచేస్తుంది.

ఆ కేకకు తాడు దిగుతుంది. సంచిలో డబ్బు కిందికి పోతుంది, బఠాణీలు పైకి వస్తాయి. కొలిచేటప్పుడు దగ్గరుండి చూచినవారు లేరు. కొలత తగ్గినా, సరుకు నిన్నటిదైనా సంచి విప్పాకే తెలుస్తుంది. మరునాడు అదే గొంతు వినిపిస్తే తాడు కదలదు. చూచారా చిత్రం! అందరిలో వేరుగా వినిపించే గొంతే అప్పుడామెకు నష్టం తెచ్చింది.

మళ్ళీ లుంగీల కొట్టుకు వద్దాం. మీకు బడికి పచ్చలుంగీ కావాలి. ఒకాయన "మా గుడ్డలాంటిది ఇంకెక్కడా దొరకదు" అంటాడు. పక్కకొట్టు ఆమె గుడ్డ మడత విప్పి, తిరగవేసి చూపి, "మొదటి ఉతుకులో రంగు కాస్త వదులుతుంది, విడిగా నానబెట్టండి" అంటుంది. తన సరుకులోని లోపం తానే చెప్పింది. పక్కవాళ్ళ ఊసే ఎత్తలేదు. ఆమె ఇక గుడ్డ గట్టిదంటే నమ్మబుద్ధి అవుతుందా, లేదా?

వచ్చే తరగతికి మీ వీధిలో పొద్దున వినిపించే రెండు కేకలు విని, అలాగే అని చూపండి. ఏ కేకకు ఎన్ని తాళ్ళు దిగాయో కూడా లెక్కపెట్టుకొని రండి.