గుంజ గట్టిగా ఉంటేనే పలుపు పనికొస్తుంది

(మండల రైతు సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మద్దతు ధర గురించీ, ఎరువుల గురించీ, పంట రుణాల గురించీ మాట్లాడుకున్నాం. మేము ఇప్పుడు ఎత్తుకునే విషయం వాటి ముందు చిన్నదిగా కనిపించవచ్చు. పొలం మీద మోటారు పోవడం, బోరు దగ్గర కేబుల్ కోసుకుపోవడం, ఇంటి ముందు పెట్టిన సైకిలు తెల్లారేసరికి లేకపోవడం. కానీ ఈ సమావేశానికి ముందు ఊరూరా తిరిగినప్పుడు, ఏ ఊళ్లో కూర్చున్నా రైతులు ముందు చెప్పింది ఈ దొంగతనాల గురించే. అందుకే దీన్ని విడిగా మాట్లాడదామని సంఘం నిర్ణయించింది.

నష్టం మోటారు ధర ఒక్కటే కాదు

మోటారు పోయిందంటే అందరూ దాని ధర అడుగుతారు. అసలు నష్టం అక్కడ లేదు. వరి పొట్ట మీద ఉన్నప్పుడు, మిరప పూత మీద ఉన్నప్పుడు పది రోజులు నీళ్లు ఆగితే ఏమవుతుందో ఇక్కడున్న వాళ్లకు చెప్పనక్కర్లేదు. కొత్త మోటారుకు అప్పు పుట్టాలి, బిగించే మనిషి దొరకాలి. ఈలోగా పంట ఆగదు. దొంగకు దక్కేది కిలోల లెక్కన తూకం వేసే రాగి. రైతుకు పోయేది పంట.

కౌలు రైతు సంగతి ఇంకా కష్టం. కరెంటు సర్వీసు భూమి యజమాని పేరున ఉంటుంది. మోటారు ఒక్కోచోట కౌలుదారే కొని పెట్టుకుంటాడు. అది పోతే కౌలు తగ్గదు, అప్పు తగ్గదు. కూలికి వెళ్లే మనిషికి సైకిలూ అంతే. దూరపు ఊళ్లో నాట్లకు వెళ్లాలంటే ఆ సైకిలే ఆధారం. అది పోయిన రోజు కూలి పోయినట్టే.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. వెనకటికి రాత్రి కరెంటు ఇచ్చేవారు. మనం పొలం దగ్గరే పడుకునేవాళ్లం. పాము కాటుకు, షాకుకు ఎందరినో పోగొట్టుకున్నాం. పగటి కరెంటు కోసం కొట్లాడింది మన సంఘాలే. ఆ రాత్రులు మళ్లీ రావాలని ఎవరమూ కోరం. అయితే పొలం మీద ఇప్పుడు రాత్రిపూట మనిషి లేడు. మనిషి చేసిన కాపలా పనిలో కొంతైనా ఇనుముతో, సిమెంటుతో చేయించుకోవాలి.

గొలుసు కాదు, దేనికి కట్టామన్నది చూడాలి

పశువును కట్టేటప్పుడు మన పెద్దలు ముందు గుంజ చూసేవారు. పలుపు ఎంత కొత్తదైనా గుంజ కదిలితే ఎద్దు గుంజతో సహా పోతుంది. ఇప్పుడు మనం గొలుసు కొంటున్నాం, తాళం కొంటున్నాం, గుంజ మాత్రం చూడడం లేదు. సైకిలు చక్రానికి మాత్రమే తాళం వేసి గోడకు ఆనించి పెడితే దాన్ని భుజాన వేసుకుని పోతారు. స్ప్రేయరును తలుపు గడియకు కట్టేస్తే గడియ మేకులు ఊడదీస్తే చాలు. మోనోబ్లాక్ మోటారును దిమ్మె మీద నాలుగు బోల్టులతో బిగిస్తాం. సరైన పానా ఉన్నవాడికి ఆ నట్లు విప్పడం కాసేపటి పని.

దొంగకు కావలసింది చీకటి, చప్పుడు లేకపోవడం, తక్కువ సమయం. బ్యాటరీ గ్రైండరు పట్టుకొస్తే కోయలేని ఇనుము లేదు. కాబట్టి ఎన్నటికీ పోకుండా చేస్తామని మేము చెప్పడం లేదు. నిమిషంలో అయ్యే పనిని అరగంట పనిగా, చప్పుడుతో కూడిన పనిగా మార్చగలం. చాలాసార్లు అదే చాలు.

పొలంలో దిమ్మె ఇలా పోయించుకోవాలి

రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గుంట తీసి కాంక్రీటు పోస్తే ఆ దిమ్మె సుమారు నాలుగు క్వింటాళ్లు తూగుతుంది. సిమెంటు ఒక పాలు, ఇసుక రెండు పాళ్లు, కంకర నాలుగు పాళ్లు కలిపితే దాదాపు ఒక బస్తా సిమెంటు పడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడే 12 ఎం.ఎం. ఊచను గుర్రపు లాడంలా వంచి అందులో పాతాలి. ఊచ రెండు కాళ్లూ అడుగు లోతుకు దిగాలి. కాళ్ల చివర్లు బయటి వైపుకు వంచి ఉండాలి. నిటారుగా పాతిన ఊచ గడ్డపారతో పైకి లేస్తుంది, చివర వంచింది దిమ్మెను పగలగొడితే తప్ప రాదు. పైకి కనిపించే కొక్కెం గొలుసు పట్టేంత ఉంటే చాలు. పెద్దదిగా ఉంటే గడ్డపార దూరుతుంది.

నీళ్లు ఎక్కువ పోసి పల్చగా కలిపిన కాంక్రీటు బలం ఇవ్వదు. పోసిన మర్నాటి నుంచి కనీసం వారం రోజులు గోనెసంచి కప్పి తడుపుతూ ఉండాలి. వారం దాటేవరకు దానికి ఏమీ కట్టకండి.

మోనోబ్లాక్ మోటారుకు యాంగ్లర్ ఇనుముతో చిన్న పంజరం చేయించి, దాని కాళ్లను కూడా ఆ దిమ్మెలోనే పాతించి, పైన తలుపుకు తాళం వేసుకోవచ్చు. చుట్టూ గాలి ఆడేలా ఖాళీ ఉండాలి. రేకుతో మూసేస్తే వేడెక్కి వైండింగు కాలిపోతుంది. మోటారు నట్లకు వెల్డింగు పెట్టించవద్దు. రేపు రీవైండింగుకు తీయాలంటే మనమే కోసుకోవాల్సి వస్తుంది.

సబ్‌మెర్సిబుల్ మోటారు బోరు లోపల ఉంటుంది కాబట్టి దాన్ని లాగడం కష్టం. దొంగలు పైన కనిపించే కేబుల్ మీద పడతారు. బోరు నుంచి స్టార్టరు పెట్టె వరకు కేబుల్‌ను ఇనుప పైపులో వేసి రెండడుగుల లోతున పూడ్చండి. బోరు మీద బోల్టులతో బిగించే మూత పెట్టించండి. అది కేబుల్‌నూ కాపాడుతుంది, పొలంలో ఆడుకునే పిల్లల్నీ కాపాడుతుంది.

ఇంటి దగ్గర గోడకు, నేలకు

ఇంటి దగ్గర సైకిలు, స్ప్రేయరు, ఆయిల్ ఇంజను కట్టుకోవడానికి హార్డ్‌వేర్ షాపుల్లో యాంకర్ బోల్టులు దొరుకుతాయి. డ్రిల్లుతో రంధ్రం చేసి దింపి బిగిస్తే లోపల విచ్చుకుని కాంక్రీటును పట్టుకుంటాయి. ఇందులో నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి.

ఒకటి, ఇది కాంక్రీటుకే. పిల్లరుకో, బీముకో, గట్టి కాంక్రీటు నేలకో బిగించండి. మట్టి గోడకు, బోలు ఇటుకకు ఇవి పట్టవు. మామూలు ఇటుక గోడలో బోల్టు విచ్చుకుంటే ఇటుకే పగులుతుంది. అలాంటి ఇళ్లలో నేలలో పైన చెప్పిన దిమ్మె పోసుకోవడమే మంచిది.

రెండు, బోల్టు సైజుకు సరిపడే బిట్టుతోనే రంధ్రం చేయాలి. లోపలి దుమ్మును పూర్తిగా ఊదేయాలి. దుమ్ము ఉంటే పట్టు సడలుతుంది.

మూడు, కాంక్రీటు అంచుకు జానెడు దూరం వదలండి. అంచున బిగిస్తే పెచ్చు ఊడుతుంది.

నాలుగు, బిగించాక నట్టు మీద వెల్డింగు చుక్క పెట్టించండి. కొక్కెం మనం విప్పాల్సిన వస్తువు కాదు, కాబట్టి ఇక్కడ వెల్డింగు వల్ల ఇబ్బంది లేదు.

గొలుసును సైకిలు చక్రంలోంచి మాత్రమే కాదు, ఫ్రేములోంచి పోనివ్వండి. వదులుగా వేలాడనివ్వకండి. నేల మీద పడి ఉన్న గొలుసును సుత్తితో కొట్టడం, కట్టర్ పెట్టడం సులువు. గొలుసు లావుగా ఉండి తాళం నాసిరకం అయితే తాళమే తెగుతుంది. కొక్కెం, గొలుసు, తాళం మూడింటిలో ఏది బలహీనమో మన బలం అంతే.

చేయకూడనివి

కరెంటు స్తంభానికి, దాని స్టే వైరుకు, ట్రాన్స్‌ఫార్మర్ గద్దెకు గొలుసులు కట్టకండి. లీకేజీ ఉంటే ప్రాణం పోతుంది. మోటారు చుట్టూ పనిచేసేటప్పుడు ఎర్తు తీగ తెగకుండా చూసుకోండి.

దొంగ కోసమని కంచెకో, పెట్టెకో కరెంటు పెట్టే ఆలోచన ఎవరికీ రాకూడదు. అడవి పందుల కోసం పెట్టిన తీగలకు మనుషులు, పశువులు బలైన సంగతి మనకు తెలుసు. చచ్చేది పక్క చేను రైతో, మన ఇంటి బిడ్డో కావచ్చు. కేసు కూడా మన మీదే పడుతుంది.

అలాగే ఊళ్లోకి బతుకుతెరువు కోసం వచ్చిన సంచార కుటుంబాలను, పాత సామాన్లు ఏరుకునే వాళ్లను అనుమానంతో పట్టుకుని కొట్టడం మన సంఘం ఒప్పుకోదు. అనుమానం ఉంటే పోలీసులకు చెప్పాలి. రైతు సంఘం పేదవాడి మీద చెయ్యెత్తే సంఘం కాదు.

పోతే ఏం చేయాలి

పోకముందే చేయాల్సింది ఒకటుంది. మోటారు మీద రేకు పలకలో ఉన్న నంబరు రాసుకోండి. ఫొటో తీసి ఫోనులో ఉంచుకోండి. బిల్లు పారేయకండి. పలక ఊడదీసినా గుర్తు పట్టేలా మోటారు ఒంటి మీద పంచుతో మీ పేరు పొడి అక్షరాలు కొట్టించండి. సైకిలు ఫ్రేము మీద కూడా కొట్టించవచ్చు.

పోయిన రోజే స్టేషనుకు వెళ్లండి. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు అమల్లో ఉన్నాయి. దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్. సమాచారం ఇచ్చిన వాడికి ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. నేరం జరిగిన చోటు తమ పరిధి కాదని తిప్పి పంపకూడదు. స్టేషనులో తీసుకోకపోతే రాతపూర్వకంగా జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. పట్టాదారు పాసు పుస్తకం తెస్తేనే ఫిర్యాదు తీసుకుంటామనడానికి చట్టంలో ఆధారం లేదు. నేరం గురించి తెలిసిన ఎవరైనా చెప్పవచ్చు. కౌలు రైతులు ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

పంటల బీమాలో మోటారు రాదు. ప్రభుత్వ రంగ సాధారణ బీమా సంస్థల్లో పంపుసెట్లకు వేరే పాలసీలు ఉన్నాయి. షరతులు చదివి, దొంగతనం అందులో ఉందో లేదో చూసి తీసుకోండి. క్లెయిము చేయాలంటే ఎఫ్‌ఐఆర్ కావాలి.

కొనేవాడు లేకపోతే దొంగ లేడు

ఇంతవరకు రైతు చేయాల్సింది చెప్పాం. కానీ మన దిమ్మెలు, మన తాళాలతోనే ఇది తీరుతుందంటే ప్రభుత్వం బాధ్యత తప్పించుకున్నట్టే. కాల్చి పైపొర తీసేసిన రాగి తీగ ఎవరి కేబులో గుర్తు పట్టలేం. ఆ రాగి ఎక్కడో ఒక పాత ఇనుము కొట్టులో తూకానికి వస్తుంది. దొంగ సొత్తని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి కొన్నవాడు కూడా నేరస్థుడే. 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష ఉంది.

ట్రాన్స్‌ఫార్మర్లదీ ఇదే కథ. నూనె పారబోసి లోపలి తీగ చుట్టలు పట్టుకుపోతారు. ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ పంపిణీ సంస్థ ఆస్తి, రైతుది కాదు. విద్యుత్ చట్టం 2003లోని 136వ సెక్షన్ ఈ దొంగతనానికి విడిగా శిక్ష పెట్టింది. అయినా కొత్తది వచ్చేదాకా ఎండేది మన చేలు. కొన్నిచోట్ల ట్రాక్టరు కిరాయికి, ఇతర ఖర్చులకు రైతులే చందాలు వేసుకుంటున్నారు. సంస్థ ఆస్తి పోతే రైతు ఎందుకు చందా వేయాలి? ఇక నుంచి ఎవరైనా డబ్బు అడిగితే రసీదు అడగండి, సంఘానికి చెప్పండి.

సంఘం చేయబోయే పనులు

మీ ముందు నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాం. ప్రతి గ్రామ శాఖ ఒక డ్రిల్లింగు మిషను, పంచు అక్షరాల సెట్టు ఉమ్మడిగా కొని సభ్యులందరికీ వాడుకోవడానికి ఇవ్వాలి. దిమ్మెలు నలుగురైదుగురు కలిసి ఒకేసారి పోయించుకుంటే మేస్త్రీ కూలి కలిసి వస్తుంది. కౌలు రైతులవి, కూలి పనివారి సైకిళ్లవి ముందు చేయాలి. మోటార్ల నంబర్లు, పోయిన వస్తువుల వివరాలు గ్రామ శాఖలో ఒక పుస్తకంలో రాసి పెట్టాలి. ఆ పుస్తకం చేతిలో పెట్టుకుని పోలీసు అధికారులను, విద్యుత్ అధికారులను కలుద్దాం. పాత సామాన్ల కొట్లలో రాగి అమ్మిన వారి పేరు, ఫోను నంబరు తప్పనిసరిగా నమోదు చేయించాలని, పోయిన ట్రాన్స్‌ఫార్మర్ స్థానంలో రైతు మీద పైసా భారం లేకుండా వెంటనే కొత్తది పెట్టాలని డిమాండు చేద్దాం.

నాట్లకు ముందే ఈ పని మొదలుపెడదాం. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగితే లాభం లేదు. మోటారు మనది, చేను మనది. కాపలా కూడా కలిసికట్టుగా మనమే కాద్దాం, ప్రభుత్వం చేత దాని పని చేయిద్దాం. ఈ ప్రతిపాదనలను చేతులెత్తి ఆమోదించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.