కపిల బావి నుంచి కోవళం అలల దాకా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాది 1988 పదో తరగతి బ్యాచి. అప్పుడు వెనక బెంచీ. ఈరోజు ముందుకు పిలిచి మైకు చేతికిచ్చారు. పది నిమిషాలే అన్నారు. ఇంకో రెండు నిమిషాలు ఎక్కువైతే నన్ను బెంచీ ఎక్కించకండి, మోకాళ్లు బాగాలేవు.

ఎనిమిదో తరగతిలో సోషల్ అయ్యవారు గోడకు ప్రపంచ పటం తగిలించి, హవాయి దీవులు చూపించమని నన్ను లేపారు. అమెరికా దేశమంతా వెతికాను. దొరకలేదు. ఆయన నా చెయ్యి పట్టుకుని పసిఫిక్ సముద్రం నడిమధ్యకు తీసుకుపోయి, ఈగ వాలినట్టున్న నాలుగు చుక్కలు చూపించారు. "చుట్టూ వేల మైళ్లు నీళ్లేరా" అన్నారు. అంత నీళ్ల మధ్య మనుషులు భయం లేకుండా ఎట్లా బతుకుతారా అని ఆ రోజంతా ఆలోచించాను. దానికి జవాబు నాకు నలభై ఆరో ఏట కొంత తెలిసింది. అదే ఈరోజు చెప్పాలనుకున్నాను.

మా చిన్నప్పుడు ఇరాల చుట్టుపక్కల చెరుకు తోటలు, బెల్లం గానుగలు, కయ్యకొక బావి. నేను ఈత నేర్చుకున్నది మా చిన్నాయన వాళ్ల కపిల బావిలో. కపిల తోలడం అప్పటికే ఆగిపోయి కరెంటు మోటారు వచ్చింది గానీ పేరు మాత్రం కపిల బావే. మొదటి రోజు ఎండిన సొరబుర్ర వీపుకు కట్టారు. నాలుగో రోజు బుర్ర తీసేసి, మా నాయన తన పంచె నా నడుముకు కట్టి, కొస తాను పట్టుకుని గట్టు మీద నిలబడ్డాడు. వారం తిరిగేసరికి పంచె కూడా లేదు, వెనక నుంచి ఒక్క తోపు. ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం అన్నానికి తప్ప బావిలోంచి బయటికి వచ్చేవాళ్లం కాదు. ఇక్కడ కూర్చున్న అన్నలందరిదీ దాదాపు ఇదే కథ. అక్కలది కాదు. ఆడపిల్లల్ని బావి దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. దాని గురించి మళ్లీ చెప్తాను.

చదువయ్యాక ఉద్యోగం చెన్నైలో. మన పక్కవాళ్లకు దగ్గరి సముద్రం కూడా అదే కదా. పాతికేళ్లు సముద్రం పక్కనే ఉండి, మెరీనాలో సుండల్ తిని, మోకాళ్ల దాకా తడుపుకుని ఇంటికి వచ్చేవాణ్ణి, అంతే. 2019లో మా అమ్మాయి తన స్నేహితులతో కోవళం పోయి సర్ఫింగ్ నేర్చుకుంటానంది. కేరళ కోవళం కాదు, చెన్నై నుంచి మహాబలిపురం పోయే దారిలో ఉండే జాలర్ల పల్లె. కాపలాకని వెంట పోయాను. రెండో ఆదివారం నేనూ బోర్డు పట్టుకున్నాను. మా ఆవిడ అడిగింది, "ఈ వయసులో నీకేం పోయేకాలం?" అని. ఆ ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు చెప్పలేదు.

సర్ఫింగ్ అంటే ఏమిటో తెలియని పెద్దవాళ్లకు ఒక మాట. మనిషి కన్నా పొడుగైన బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తోసుకుంటూ లోపలికి పోవాలి. అల లేచే చోట కూర్చుని కాచుకోవాలి. అల వచ్చి బోర్డును ఎత్తిన క్షణంలో ఒక్క ఊపున లేచి నిలబడాలి. నిలబడితే అల ముందు భాగం మీద జారుకుంటూ ఒడ్డుకు వస్తాం. లేకపోతే నోట్లో ఉప్పునీళ్లు. నాకు మొదటి నెలంతా ఉప్పునీళ్లే.

ఈ ఆట హవాయి వాళ్లది. వాళ్ల భాషలో దాని పేరు హేఎ నలు, అంటే అల మీద జారడం. రాజులు, రాణులు, మామూలు జనం అందరూ ఆడేవాళ్లు. 1779లోనే కెప్టెన్ కుక్ ఓడల మీద వచ్చిన ఇంగ్లీషు అధికారి ఒకరు దీన్ని చూసి వర్ణించి రాశాడు. 1820 తర్వాత వచ్చిన క్రైస్తవ మిషనరీలకు ఈ ఆట నచ్చలేదు. బయటి నుంచి వచ్చిన జబ్బులతో జనం కూడా వేలల్లో రాలిపోయారు. పందొమ్మిదో శతాబ్దం చివరికి ఆట దాదాపు మూలబడింది. దాన్ని మళ్లీ లోకానికి చూపించినవాడు డ్యూక్ కహనమోకు. 1912, 1920 ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఈతలో బంగారు పతకాలు గెలిచినవాడు.

మా కోవళంలో ఆ పాత్ర మూర్తి మేగవన్‌ది. ఆయన జాలరి. పల్లెలో తనలాంటి కుర్రవాళ్లకు అల మీద నిలబడటం నేర్పాడు. 2012లో అక్కడ సర్ఫింగ్ బడి మొదలైంది. పొగ తాగొద్దు, మందు తాగొద్దు, సర్ఫింగ్ మాత్రమే అన్నది వాళ్ల నినాదం. ఇప్పుడు ఆ పల్లె పిల్లలు పోటీల్లో గెలుస్తున్నారు. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ పోటీలు పక్కనే మహాబలిపురంలో జరిగాయి. కర్ణాటక అబ్బాయి రమేష్ బుదిహాల్ కంచు పతకం గెలిచాడు.

ఆలోచిస్తే ఇది మన తీరానికి మరీ కొత్త విద్యా కాదు. మద్రాసుకు ఓడరేవు కట్టకముందు ఓడలు దూరంగా లంగరు వేసుకుని నిలబడేవి. మనుషుల్నీ సరుకుల్నీ ఒడ్డుకు చేర్చింది మసూలా పడవలు. ఆ పడవల పలకలకు మేకులు ఉండవు, కొబ్బరి తాళ్లతో కుట్టేవాళ్లు. అల కొట్టినప్పుడు విరగకుండా వంగేవి. పడవ బోల్తా పడితే నీళ్లలో పడ్డవాళ్లను లాగడానికి కట్టుమరాల వాళ్లు పక్కనే వచ్చేవాళ్లు. నాలుగు దుంగలు తాళ్లతో కట్టిన తెప్ప మీద అంతంత అలలు దాటినవాళ్ల మనవలే ఈరోజు బోర్డు ఎక్కుతున్నారు.

ఇక నాకు వాళ్లు నేర్పిన సంగతులు. ఒక ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, కారు నడుపుకుంటూ కోవళం పోయాను. నాకు నేర్పే కుర్రవాడికి ఇరవై రెండేళ్లు. ఒడ్డున గొంతుకు కూర్చుని పది నిమిషాలు సముద్రం వైపు చూశాడు. తర్వాత "ఈరోజు వద్దు సార్" అన్నాడు. నాకు కోపం వచ్చింది. డబ్బులు కట్టాను, ఇంత దూరం వచ్చాను, అలలు కూడా పెద్దగా లేవు కదా అన్నాను. వాడు చేత్తో చూపించాడు. అటూ ఇటూ అలలు విరుగుతున్నాయి, నడుమ ఒక బాట మాత్రం నున్నగా, ప్రశాంతంగా ఉంది. నేనైతే స్నానానికి అక్కడే దిగుతాను. వాడన్నాడు, "సార్, మునిగేవాళ్లందరూ అక్కడే దిగుతారు."

అలలు ఒడ్డుకు తోసిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పోవాలి కదా. అవి ఒక ఇరుకు దారి చూసుకుని కాలువలాగా లోపలికి లాగుతాయి. అక్కడ లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు. పైకి నెమ్మదిగా కనిపిస్తుంది. అందులో చిక్కినవాడు ఒడ్డు వైపు ఎదురు ఈదుతాడు, అలిసిపోతాడు, మునుగుతాడు. ఎదురు ఈదకూడదు. ఒడ్డుకు పక్కవాటుగా ఈది ఆ కాలువ దాటి, తర్వాత అలల వెంబడి ఒడ్డుకు రావాలి. ఈదే శక్తి లేకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యి ఎత్తి పిలవాలి. పిల్లల్ని తీసుకుని సముద్రానికి పోయే ప్రతి తల్లీ తండ్రీ ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే నా ప్రసంగం ఫలించినట్టే.

రెండో సంగతి. అక్కడ ఎవరూ ఒంటరిగా నీళ్లలోకి పోరు. పోయినవాళ్లను ఒడ్డు నుంచి ఎవరో ఒకరు లెక్కపెడుతూనే ఉంటారు. హవాయిలోనూ ఇంతే. ఎడ్డీ ఐకావ్ అని వాళ్లకు దేవుడితో సమానమైన సర్ఫర్ ఉన్నాడు. ఆయన ఉద్యోగం వైమెయా బే తీరంలో కాపలా, 1968 నుంచి. ఎవరూ దిగని అలల్లోకి దిగి వందల మందిని లాగి ఒడ్డున వేశాడు. 1978లో హోకులేఆ అనే తెరచాప పడవలో యాత్రకు పోయాడు. పడవ తుఫాను గాలికి బోల్తా పడింది. సాయం తెస్తానని ఆయన ఒక్కడే బోర్డు మీద బయలుదేరాడు. మిగతావాళ్లను తర్వాత కాపాడారు. ఎడ్డీ మాత్రం దొరకలేదు. ఆయన పేరుతో ఒక పోటీ ఉంది. అల ముందు భాగం 40 అడుగులు లేస్తే గానీ ఆ పోటీ జరపరు. ఏళ్ల తరబడి జరగకుండా కూడా పోతుంది. 2023 జనవరిలో జరిగినప్పుడు గెలిచినవాడు ల్యూక్ షెపర్డ్‌సన్. అతనూ ఆ తీరంలో కాపలా ఉద్యోగే. ఆ రోజు డ్యూటీలోనే ఉన్నాడు. విరామం అడిగి నీళ్లలోకి దిగాడు, అల ఎక్కాడు, తిరిగి వచ్చి కాపలా కూర్చున్నాడు.

ఎనిమిదో తరగతిలో నాకు వచ్చిన అనుమానానికి ఇదే జవాబు. వాళ్లకు నీళ్లంటే భయం లేక కాదు. పిల్లవాడికి నడక వచ్చిన రోజుల నుంచే నీళ్లను చదవడం నేర్పుతారు, నేర్చుకున్నవాడు పక్కవాణ్ణి కాపాడటం తన పని అనుకుంటాడు.

ఇప్పుడు మన ఊరికి వస్తాను. ఇది చెప్పడం నాకు కష్టం. మా చెల్లెల్ని అడిగి, ఆమె సరే అన్నాకే చెప్తున్నాను.

2021 నవంబరు వానలు మీకందరికీ గుర్తే. వంకలు పారాయి, చెరువులు మరవ పోయాయి. మా చిన్నాయన వాళ్ల బావి ఇరవై ఏళ్లుగా ఎండిపోయి తుమ్మచెట్లు మొలిచిన బావి. పక్కనే 900 అడుగుల బోరు వేశాక దాని వైపు ఎవరూ చూడలేదు. ఆ వానలకు అది నిండింది. చిన్నాయన కూతురి కొడుకు, నన్ను మామా అని పిలిచేవాడు, తొమ్మిదో తరగతి. ఇద్దరు స్నేహితులతో నీళ్లు చూడటానికి పోయాడు. మెట్టు మీద పాచికి కాలు జారింది. ముగ్గురిలో ఎవరికీ ఈత రాదు. స్నేహితులు ఊళ్లోకి పరిగెత్తి పెద్దవాళ్లను పిలుచుకొచ్చేసరికి అయిపోయింది. ఇరవై అడుగుల దూరంలో కొట్టంలో ఆవును కట్టే పలుపు ఉండింది. అది విసరాలని పిల్లలకు తోచలేదు. ఎవరూ చెప్పలేదు కాబట్టి తోచలేదు.

నేను ఆ బావిలోనే ఈత నేర్చుకున్నాను. ఆ సమయానికి చెన్నైలో డబ్బులు కట్టి అలల మీద నిలబడటం నేర్చుకుంటున్నాను. మా నాయన నాకు ఊరికే నేర్పిన విద్యను నేను ఒక్క పిల్లవాడికీ నేర్పలేదు. వాడు పుట్టినప్పటి నుంచి ఆ బావిలో నీళ్లు లేవు, ఇక వాడికి ఈత ఎక్కడ వస్తుంది? బావులు ఎండినప్పుడు నీళ్లు పోయాయని ఏడ్చాం. ఈత కూడా పోయిందని మనకు తెలియలేదు. నీళ్లు తిరిగి వచ్చాయి, ఈత రాలేదు.

పోయిన ఎండాకాలం సెలవు పెట్టి మూడు వారాలు ఊళ్లో ఉన్నాను. మెట్లు బాగున్న ఒక బావి చూసుకుని, పాచి గీకించి, తాళ్లు, లారీ ట్యూబులు తెచ్చి పదకొండు మంది పిల్లలకు ఈత నేర్పాను. అందులో నలుగురు ఆడపిల్లలు. ఒకమ్మాయి మా చెల్లెలి కూతురే, పోయినవాడి చెల్లెలు. మొదటి అయిదు రోజులు మెట్ల మీదే కూర్చుంది. బలవంతం చెయ్యలేదు. ఆరో రోజు దిగింది. మా చెల్లెలు బావి దగ్గరికి రాలేదు, ఇప్పటికీ రాదు. కూతుర్ని మాత్రం రోజూ పంపించింది.

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. స్వర్ణోత్సవం గుర్తుగా శిలాఫలకం వేస్తారు, సంతోషం. దానితోపాటు ప్రతి ఎండాకాలం మన సంఘం తరఫున ఆరో తరగతి దాటిన పిల్లలకు, మగపిల్లలకూ ఆడపిల్లలకూ, ఈత నేర్పుదాం. ఆడపిల్లలకు నేర్పడానికి ఈత వచ్చిన అక్కలు ముందుకు రావాలి. బావి దగ్గర ఎప్పుడూ ఈత వచ్చిన పెద్దవాళ్లు ఇద్దరు ఉండాలి, ఒకరు నీళ్లలో, ఒకరు గట్టు మీద. ఎవరైనా మునుగుతుంటే వెనకా ముందూ చూడకుండా దూకొద్దని, తాడు, పంచె, చీర, కట్టె, ఖాళీ బిందె ఏది దొరికితే అది అందించమని ప్రతి తరగతిలో ఒక్క పీరియడు చెప్పమని అయ్యవార్లను వేడుకుంటున్నాను. పాడుబడిన బావి ఉన్నవాళ్లు దాని చుట్టూ పిట్టగోడ కట్టించండి, మెట్ల పక్కన ఒక తాడు కట్టి వదలండి.

బయట రిజిస్ట్రేషన్ బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టించాను. ఈత వచ్చి, ఎండాకాలంలో వారం రోజులు ఊరికి రాగలిగినవాళ్లు పేరు, ఫోన్ నెంబరు రాయండి. మొదటి పేరు నాది. భోజనాలకు పోయే ముందే రాయండి. భోజనాల తర్వాత మన సంగతి నాకు తెలుసు.