కట్టుబాటు అను మాటను గూర్చి



మీఱరాని నియమమునకు మన యూళ్లలో వాడుకయందున్న మాట కట్టుబాటు. శాసనము రాజునొద్దనుండి వచ్చును. ఆచారము అలవాటుచే నిలుచును. కట్టుబాటు నలుగురును కూడి యొప్పుకొనుటచే నేర్పడును. కోట్‌పల్లి ప్రాంతముననే కాదు, తెలుగునాట నెచ్చటనైనను కులపంచాయితీలో నీ మాట వినబడినంతనే తక్కిన నోళ్లు మూతపడుట కలదు. కావున దీని యర్థమును నిదానించి చూడవలసియున్నది.

'కట్టు'నకు 'పాటు' చేరి కట్టుబాటైనది. 'పాటు' అనునది 'పడు' ధాతువునుండి పుట్టినది. ఐనను కట్టబడుట వేఱు, కట్టుబడుట వేఱు. పశువు గుంజకు కట్టబడును. మనుష్యుడు మాటకు కట్టుబడును. మొదటిదానియందు త్రాడు వేసినవాడు పరుడు, రెండవదానియందు తానే. (తిరుగుబాటును ఈ తీరుననే యేర్పడినదని పెద్దలు చిత్తగింపవలయును.)

ఇట్లుండగా వెలి అనుదానిని కట్టుబాటనుట యెట్లు? ఒకరి తప్పునకు ఇంటిల్లిపాదికి నిప్పును నీరును మాన్పుట, పెండ్లికి పిలువకుండుట, పీనుగును మోయకుండుట! ఆ యింటి పసిబిడ్డ దేనికి ఒప్పుకొనెను? స్త్రీలు కూర్చుండని పంచాయితీలో చేసిన నియమమునకు స్త్రీలు కట్టుబడిరని యెట్లనవచ్చును? వారు కట్టబడిరి, అంతియే.

వితంతు వివాహమును 1856లోనే చట్టము అనుమతించెను. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు అట్టి వివాహమును తొలిసారి జరిపించినప్పుడు, చట్టమిచ్చినదానిని కట్టుబాటు అడ్డగించెను. తోడ్పడినవారు వెలికి గుఱియైరి. నాడు అభేద్యమన్న యా నియమమును నేడు మాది యని చెప్పుకొనువారు లేరు. మహారాష్ట్రమున 2016 నాటి చట్టము సంఘబహిష్కారమును నేరముగా నెంచినది. యుక్తవయస్కులిరువురు ఇష్టపడి చేసికొను వివాహమునకు పంచాయితీలు అడ్డుపడుట చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2018 మార్చి 27వ తేదీన తీర్పు చెప్పినది.

కట్టుబాట్లే వలదని మా వాదము కాదు. చెఱువుకట్టయు 'కట్టు'నుండి వచ్చినదే; కట్ట లేక నీరు నిలువదు. అలుగు లేని కట్ట పెద్దవానకు నిలువదనుటయు జలాశయము ప్రక్కన నున్న మనకు ఒకరు చెప్పవలసినది కాదు. మన నియమావళియందు వెలికి సంబంధించిన మాటలన్నియు కొట్టివేసి, నిప్పును నీరును ఎవ్వరికిని మాన్పరాదను నొక్క నియమమును, స్త్రీలను గూడ సభలో కూర్చుండబెట్టి వారి సమ్మతి గైకొని, పుస్తకమున కెక్కింపవలయునని ప్రార్థించుచున్నాము.